నేల విడవని రాకెట్టు

ప్రయోగ వేదికమీద రాకెట్టు సిద్ధంగా నిలిచి ఉంటుంది. అంకెల లెక్కింపు సున్నాకు చేరుతుంది. అడుగుభాగాన మంటలు చెలరేగుతాయి. పొగ నలుదిక్కులా కమ్ముకుంటుంది. ఇంజను గర్జన చెవులకు సోకుతుంది. అయినా రాకెట్టు అంగుళమైనా పైకి కదలదు. ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అనే కంప్యూటరు ఆటను కొత్తగా ఆడేవారిలో చాలామందికి ఎదురయ్యే దృశ్యమిది. ఆదిలోనే హంసపాదు అన్నట్లు, నేల విడవకముందే వారి అంతరిక్షయాత్ర ముగిసిపోతుంది. రాకెట్టు ఎందుకు లేవలేదన్నది చూడటానికి ఆటకు చెందిన చిన్న ప్రశ్న. దానికి సమాధానం వెతికేవారు మాత్రం తమకు తెలియకుండానే రాకెట్టు శాస్త్రంలోని తొలి పాఠంలోకి అడుగుపెడతారు.

ఈ ఆటను ఫెలిపే ఫలాంఘే రూపకల్పన చేయగా, మెక్సికోలోని ‘స్క్వాడ్’ సంస్థ 2011 జూన్‌లో తొలిసారిగా ప్రజలకు అందించింది. పూర్తి రూపం 2015 ఏప్రిల్‌లో వెలువడింది. ఇందులో ‘కెర్బిన్’ అనే కల్పిత గ్రహం ఉన్నది. దానిమీద కెర్బల్‌లు అనే పచ్చని పొట్టి జీవులు నివసిస్తుంటాయి. ఇంధన తొట్లు, ఇంజన్లు, రెక్కలు, పారాచూట్లు మొదలైన భాగాలను ఒకదానితో ఒకటి కూర్చి రాకెట్టును నిర్మించి, ఆ జీవులను అంతరిక్షంలోకి పంపడం ఆటగాడి పని. గ్రహమూ జీవులూ కల్పితమే అయినా, అక్కడి వస్తువులు న్యూటన్ గమన నియమాలను అనుసరించే కదులుతాయి. అందుచేతనే ఈ ఆట శాస్త్రజ్ఞుల ఆదరణను కూడా పొందింది. గ్రహశకలాలను అందుకొనే యాత్రలకు సంబంధించిన అధ్యాయాన్ని 2014లో అమెరికా అంతరిక్ష సంస్థ ‘నాసా’ సహకారంతోనే ఇందులో చేర్చారు.

అభిబలం – భారం

రాకెట్టు తన అడుగునుండి వెలువడే వాయువులతో నేలను తన్ని పైకి లేస్తుందని కొందరు భావిస్తారు. ఇది అపోహ. నేల గాని, గాలి గాని లేని అంతరిక్షంలో సైతం రాకెట్టు పనిచేస్తుంది. దీపావళినాడు కాల్చే తారాజువ్వను గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది. జువ్వలోని మందు మండి, వాయువు అతివేగంగా కిందికి దూసుకువస్తుంది. ఆ చర్యకు సమానమైన ప్రతిచర్య జువ్వను పైకి నెడుతుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన మూడవ గమన నియమం చెప్పేది ఇదే. ఈ విధంగా రాకెట్టును ముందుకు నెట్టే బలాన్ని అభిబలం అంటారు. సెకనుకు ఎంత ద్రవ్యరాశి గల వాయువు, ఎంత వేగంతో బయటకు వెలువడుతున్నదన్న విషయంపై ఈ అభిబలం ప్రధానంగా ఆధారపడి ఉంటుంది.

అభిబలం పైకి నెడుతున్నప్పుడు భారం కిందికి లాగుతుంది. ఒక టన్ను ద్రవ్యరాశి గల వస్తువును భూమి సుమారు 9.81 కిలోన్యూటన్ల బలంతో ఆకర్షిస్తుంది. కెర్బిన్ వ్యాసార్థం 600 కిలోమీటర్లు మాత్రమే. భూమి వ్యాసార్థంలో అది పదో వంతుకన్నా తక్కువ. అయినప్పటికీ, దాని ఉపరితలంమీద గురుత్వాకర్షణ భూమిమీద ఉన్నంతే ఉండేటట్లు ఆటను రూపొందించారు. అభిబలాన్ని భారంతో భాగిస్తే వచ్చే సంఖ్య రాకెట్టు భవితవ్యాన్ని ముందుగానే చెబుతుంది. ఆ నిష్పత్తి ఒకటికన్నా తక్కువైతే ఇంజను ఎంత గర్జించినా రాకెట్టు లేవదు. ఒకటికి సమానమైతే త్రాసు ముల్లువలె ఊగిసలాడుతుంది. ఒకటిని మించినప్పుడు మాత్రమే అది నేలను విడుస్తుంది.

ఇంధనం పెంచితే ఏమవుతుంది?

రాకెట్టు లేవనప్పుడు అనుభవం లేని ఆటగాడికి తోచే మొదటి ఉపాయం మరికొంత ఇంధనాన్ని చేర్చడం. ఇంధనమే శక్తినిస్తుంది కనుక, దానిని పెంచితే శక్తి పెరుగుతుందన్నది అతని ఊహ. ఈ ఊహ ఎంతవరకు సరైనదో ఒక లెక్క ద్వారా పరిశీలించవచ్చు.

ఆటలో ‘రిలయంట్’ అనే ఇంజను ఉన్నది. దాని ద్రవ్యరాశి 1.25 టన్నులు. సముద్రమట్టంవద్ద అది సుమారు 205 కిలోన్యూటన్ల అభిబలాన్నిస్తుంది. ఇంధనంతో నిండిన పెద్ద తొట్టి ఒక్కొక్కటి 4.5 టన్నులు తూగుతుంది. అందులో నాలుగు టన్నులు ఇంధనం, మిగిలిన అరటన్ను తొట్టి బరువు. యాత్రికుడు కూర్చునే గది, పారాచూటు మొదలైనవి కలిసి 1.5 టన్నులు ఉన్నాయనుకుంటే, మూడు తొట్లతో కూడిన రాకెట్టు 16.25 టన్నులు అవుతుంది. దాని భారం సుమారు 159 కిలోన్యూటన్లు. నిష్పత్తి సుమారు 1.29. ఆ రాకెట్టు చక్కగా లేస్తుంది.

నాలుగో తొట్టిని చేర్చగానే ద్రవ్యరాశి 20.75 టన్నులకు, భారం 203.6 కిలోన్యూటన్లకు చేరుతుంది. అప్పుడు నిష్పత్తి 1.01 మాత్రమే. రాకెట్టు లేస్తుంది కాని, ముసలివాని నడకలా లేస్తుంది. అయిదో తొట్టిని కూడా చేరిస్తే ద్రవ్యరాశి 25.25 టన్నులు, నిష్పత్తి 0.83. ఇక రాకెట్టు కదలదు.

అసలు విచిత్రం ఆ తరువాత కనిపిస్తుంది. ఈ ఇంజను సెకనుకు సుమారు 79 కిలోల ఇంధనాన్ని మండిస్తుంది. మండేకొద్దీ రాకెట్టు తేలికవుతుంది. సుమారు 55 సెకన్లు వేదికమీద నిలబడి మండిన తరువాత దాని ద్రవ్యరాశి 20.9 టన్నులకు తగ్గి, అప్పుడు మెల్లగా పైకి లేవడం మొదలుపెడుతుంది. అంతలో ఖర్చయిన ఇంధనం 4.3 టన్నులు. అదనంగా చేర్చిన తొట్టి తెచ్చిన ఇంధనమంతా వేదికమీదనే బూడిదలో పోసిన పన్నీరయింది. అంతకుముందు ఉన్న ఇంధనంలోనూ కొంత కరిగిపోయింది. పైగా ఖాళీ తొట్టి తాలూకు అరటన్ను బరువు మాత్రం వెంటనే ఉండిపోయింది. ఎద్దులకు దారిలో మేత కావాలని బండి నిండా గడ్డి వేసుకుంటే, ఆ గడ్డి బరువుకే ఎద్దులు కదలలేని స్థితి వంటిదిది. ఇంజను ఇచ్చే అభిబలం తొట్ల సంఖ్యతో పెరగదు. తొట్లతో పెరిగేది భారం. ఇంజను మండగల కాలం కూడా పెరుగుతుంది గాని, నేల విడవడానికి అది తోడ్పడదు.

దీనికి విరుగుడు మూడు విధాలు. మొదటిది భారాన్ని తగ్గించడం. రెండవది అభిబలాన్ని పెంచడం. ‘హామర్’ అనే ఘన ఇంధన రాకెట్లు రెండింటిని పక్కలకు చేరిస్తే, వాటి సొంత బరువు ఏడు టన్నులను లెక్కలోకి తీసుకున్నా, అయిదు తొట్ల రాకెట్టు నిష్పత్తి సుమారు 1.9కి పెరుగుతుంది. మూడవది రాకెట్టును దశలుగా విభజించి, ఖాళీ అయిన భాగాన్ని ఎప్పటికప్పుడు వదిలివేయడం. రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సమీకరణం రాకెట్టు పొందగల వేగానికీ, అది మోసే ఇంధనపు పాలుకూ గల సంబంధాన్ని నిరూపించింది. ఖాళీ తొట్టిని మోయడం ఎంత నష్టమో ఆ సమీకరణం స్పష్టం చేస్తుంది.

మంట ఉన్నదా, లేదా?

రాకెట్టు లేవకపోవడానికి ప్రతిసారీ బరువే కారణం కానక్కరలేదు. రోగలక్షణం ఒకటే అయినా రోగాలు అనేకం ఉండవచ్చు. కనుక పరీక్షను తేలిక విషయాలతో ప్రారంభించడం మంచిది. ముందుగా చూడవలసినది ఇంజను అడుగున మంట ఉన్నదా లేదా అన్నది.

మంట లేకపోతే బరువు లెక్కలతో పని లేదు. ద్రవ ఇంధన ఇంజనుకు ‘థ్రాటిల్’ అనే నియంత్రణ ఉంటుంది. అది సున్నా దగ్గర ఉంటే ఇంజను పనిలోకి వచ్చినా మంట పుట్టదు. ఆటలో ‘జెడ్’ మీటను నొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటుంది. ‘ఎక్స్’ మీట నొక్కితే పూర్తిగా మూసుకుంటుంది. ఘన ఇంధన రాకెట్టుకు ఈ సౌకర్యం లేదు. ఒకసారి అంటుకుంటే అందులోని మందు అయిపోయేవరకు అది మండవలసిందే. అయితే, ఏ ఇంజనైనా ఇవ్వవలసిన గరిష్ఠ అభిబలానికి ముందుగానే ఒక హద్దును నిర్ణయించవచ్చు. పైన చెప్పిన పక్క రాకెట్లను 60 శాతానికి పరిమితం చేస్తే నిష్పత్తి సుమారు 1.4కు వస్తుంది. వేరొక ప్రయోగం కోసం తగ్గించిన హద్దును తిరిగి సరిచేయడం మరచిపోతే, మంచి ఇంజను కూడా నీరసించినట్లు కనిపిస్తుంది.

థ్రాటిల్ తెరిచి ఉన్నా మంట రాకపోతే ఇంధనం ఇంజనుదాకా చేరుతున్నదో లేదో చూడాలి. రెండు దశలను విడదీసే భాగం సాధారణంగా ఇంధనాన్ని తన గుండా ప్రవహించనివ్వదు. దాని పైనున్న తొట్టి నిండుగా ఉన్నా, కిందనున్న ఇంజను ఆకలితో అలమటిస్తుంది. తొట్టిలో ఏమున్నదన్నది మరొక ప్రశ్న. రాకెట్టు ఇంజనుకు ఇంధనంతోపాటు దానిని మండించే ఆక్సీకరణి కూడా అవసరం. గాలినుండి ఆక్సిజన్‌ను తీసుకొనే విమానాలకోసం ఉద్దేశించిన తొట్లలో ఆక్సీకరణి ఉండదు. అటువంటి తొట్టిని రాకెట్టుకు అమర్చితే, అన్నం వడ్డించి నీళ్లు ఇవ్వనట్లే.

మంట ఉండి, నిష్పత్తి ఒకటిని మించి, అయినా రాకెట్టు కదలకపోతే దానిని ఏదో పట్టి ఉంచిందని గ్రహించాలి. పొడవైన రాకెట్టు వేదికమీద ఒరిగిపోకుండా బిగింపు స్తంభాలతో పట్టి ఉంచుతారు. ఏ పని తరువాత ఏ పని జరగాలో సూచించే దశల వరుసలో, ఇంజను వెలిగిన వెంటనే ఈ స్తంభాలు విడిపోవాలి. వరుస తారుమారైతే పలు చిక్కులు వస్తాయి. స్తంభాలు ముందే విడిపోతే రాకెట్టు వేదికమీద కుప్పకూలవచ్చు. పారాచూటు మొదటి మెట్టులో చేరితే అది వేదికమీదనే విచ్చుకుంటుంది. కట్టు విప్పకుండా పడవను ఎంత తోసినా అది ఒడ్డును విడవదు.

ఒకే ఇంజను, రెండు బలాలు

కొన్ని సందర్భాలలో అంకెలన్నీ సవ్యంగా ఉన్నట్లే కనిపిస్తాయి. ఆటలో ‘టెరియర్’ అనే చిన్న ఇంజను ఉన్నది. దాని ద్రవ్యరాశి అరటన్ను మాత్రమే. అభిబలం 60 కిలోన్యూటన్లు. నాలుగు టన్నుల చిన్న రాకెట్టుకు భారం 39 కిలోన్యూటన్లే కనుక, ఈ ఇంజను చాలునని ఆటగాడు తలుస్తాడు. వేదికమీద మాత్రం అది రాకెట్టును కదల్చలేదు. 60 కిలోన్యూటన్లన్నది శూన్యంలోని లెక్క. సముద్రమట్టంవద్ద ఆ ఇంజను ఇచ్చేది 15 కిలోన్యూటన్లకు లోపే.

దీనికి వాతావరణ పీడనమే కారణం. ఇంజను అడుగున గంటవలె విచ్చుకున్న నాజిల్ ఉంటుంది. అందులో వాయువు వ్యాకోచించి వేగాన్ని పొందుతుంది. శూన్యంలో పనిచేయవలసిన ఇంజనుకు ఈ గంటను విశాలంగా నిర్మిస్తారు. అందులో వాయువు బాగా వ్యాకోచించి, బయటకు వచ్చేసరికి దాని పీడనం బాగా తగ్గిపోతుంది. చుట్టూ శూన్యమున్నప్పుడు ఇది లాభదాయకం. చుట్టూ దట్టమైన గాలి ఉన్నప్పుడు ఆ గాలి పీడనం గంట ముఖద్వారాన్ని వెనుకకు నెడుతుంది. ముఖద్వారం ఎంత పెద్దదైతే నష్టం అంత ఎక్కువ. నేలమీద వాడే ‘రిలయంట్’ ఇంజనుకు శూన్యంలో 240, నేలమీద 205 కిలోన్యూటన్ల అభిబలం ఉంటుంది. అది కోల్పోయేది ఏడో వంతు మాత్రమే. ‘టెరియర్’ కోల్పోయేది నాలుగింట మూడు వంతులు.

అదే చిన్న ఇంజను కెర్బిన్ ఉపగ్రహమైన ‘మున్’ మీద మహాబలశాలిగా మారుతుంది. అక్కడ గాలి లేదు. గురుత్వాకర్షణ కెర్బిన్‌మీద ఉన్నదానిలో సుమారు ఆరో వంతే. 60 కిలోన్యూటన్లతో అక్కడ 36 టన్నులను సైతం పైకెత్తవచ్చు. స్థానబలిమి గాని తన బలిమి కాదన్న పెద్దల మాట ఇంజన్లకూ వర్తిస్తుంది. కనుక ‘ఈ ఇంజను బలమెంత?’ అని అడగడం సగం ప్రశ్న మాత్రమే. ‘ఎక్కడ?’ అన్నది కూడా చేర్చినప్పుడే అది పూర్తవుతుంది.

ఈ ఆటలోని తొలి రూపాలలో గాలి పీడనంవల్ల అభిబలం తగ్గేది కాదు. దానికి బదులు ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యేది. 2015లో వచ్చిన పూర్తి రూపంలో ఆ లెక్కను ప్రకృతికి అనుగుణంగా సవరించారు. నేలమీద ఇంజన్ల బలం తగ్గడంతో, అంతకుముందు అంచుమీద లేచే రాకెట్లకు ఆ అంచు కరవయింది. రాకెట్టులో ఏ మార్పూ లేకపోయినా, దాని చుట్టూ ఉన్న ప్రపంచపు నియమం మారితే ఫలితం మారుతుంది.

నేల విడిచిన తరువాత

నేల విడవడంతోనే కష్టాలు తీరవు. నిష్పత్తి 1.05 ఉన్న రాకెట్టు లేచిన మాట నిజమే. కాని, తొలి క్షణాలలో దాని బలంలో నూటికి 95 పాళ్లు భారాన్ని మోయడానికే సరిపోతుంది. వేగాన్ని పెంచడానికి మిగిలేది అయిదు పాళ్లు. నిష్పత్తి 1.5 అయితే మూడింట ఒక వంతు మిగులుతుంది. మరీ ఎక్కువైనా ప్రమాదమే. దట్టమైన గాలిలో అతివేగంగా దూసుకుపోయే రాకెట్టును వాయునిరోధం వెనుకకు లాగుతుంది. అదనపు ఇంజన్ల బరువు కూడా తోడవుతుంది. అందువల్ల ప్రయోగ సమయంలో నిష్పత్తి 1.3కు, 1.6కు మధ్య ఉండటం సాధారణంగా మేలు. చంద్రునిపైకి మానవులను పంపిన ‘సాటర్న్–5’ రాకెట్టు సుమారు 2,900 టన్నుల బరువుతో లేచేది. దాని నిష్పత్తి సుమారు 1.2 మాత్రమే. అందుకే అది వేదికను వీడేటప్పుడు నిదానంగా కదిలినట్లు నాటి చిత్రాలలో కనిపిస్తుంది.

మరికొన్ని రాకెట్లు చురుకుగా లేచి, కొంత ఎత్తున తలకిందులవుతాయి. ఆటగాడు దీనిని కూడా ఇంజను లోపమేనని భ్రమపడతాడు. నిజానికి ఇది సమతౌల్యానికి సంబంధించిన దోషం. బాణానికి ములికివైపు బరువు, తోకవైపు ఈకలు ఉంటాయి. అందుచేత అది తిన్నగా పోతుంది. రాకెట్టులోనూ ద్రవ్యరాశి కేంద్రం ముందుకు, గాలి పీడనం పనిచేసే కేంద్రం వెనుకకు ఉండాలి. అడుగున రెక్కలను అమర్చడం అందుకే. వాటిని అలంకారంగా భావించి పైభాగాన అమర్చితే, ఈకలను ములికికి కట్టిన బాణంలా రాకెట్టు గిరగిరా తిరుగుతుంది. పక్క రాకెట్లలో ఒకటి బలంగా, మరొకటి బలహీనంగా మండినా అంతే. అభిబలం ద్రవ్యరాశి కేంద్రం గుండా పోకుండా పక్కనుండి పోతే, అది రాకెట్టును పైకి నెట్టడానికి మారుగా తిప్పివేస్తుంది.

నిజమైన వేదికలమీద

ఈ లోపాలన్నీ ఆటలోనే పుట్టినవి కావు. 1960 నవంబరు 21న అమెరికాలోని కేప్ కెనవరాల్‌లో ‘మెర్క్యురీ–రెడ్‌స్టోన్ 1’ అనే మానవరహిత రాకెట్టు సుమారు పది సెంటీమీటర్లు లేచి, ఇంజను ఆగిపోయి, తిరిగి వేదికమీదనే కూర్చున్నది. శిఖరాన ఉన్న రక్షణ గోపురం ఒంటరిగా ఎగిరిపోయింది. పారాచూట్లు వేదికమీదనే బయటపడ్డాయి. నిండా ఇంధనంతో ఉన్న ఆ రాకెట్టు దగ్గరకు ఎవరూ పోలేని పరిస్థితి ఏర్పడింది. తొందరపడి ఏమీ చేయకుండా, దాని బ్యాటరీలు నీరసించేవరకు మరునాటి ఉదయందాకా వేచి ఉన్నారు. విచారణలో తేలిన కారణం అతిస్వల్పం. నేలతో రాకెట్టును కలిపే విద్యుత్ తీగలు ఒక క్రమంలో ఊడవలసి ఉండగా, వాటిలో ఒకటి అవసరానికి మించిన పొడవు ఉండటంవల్ల ఆ క్రమం తారుమారయింది. ఇంజనులో దోషమేమీ లేదు. ఆ రోజు ఎవరైనా మరింత బలమైన ఇంజనును అమర్చి ఉంటే, పుండొకచోట మందొకచోట అన్నట్లు ఉండేది.

2021 ఆగస్టు 28న అలాస్కాలోని కోడియాక్ దీవినుండి ‘ఆస్ట్రా’ సంస్థ ప్రయోగించిన రాకెట్టు మరొక పాఠాన్ని నేర్పింది. లేచిన క్షణంలోనే దాని అయిదు ఇంజన్లలో ఒకటి ఆగిపోయింది. మిగిలిన నాలుగింటి అభిబలం రాకెట్టు భారానికి దాదాపు సమానమైంది. అది పైకి పోలేక, కిందా పడలేక, నిలువుగా నిలబడే కొన్ని సెకన్లపాటు వేదికకు పక్కగా జరిగింది. ఇంధనం మండి బరువు తగ్గిన తరువాత పైకి లేచింది. అయినా కక్ష్యను చేరలేక, సుమారు రెండున్నర నిమిషాల అనంతరం ఆ ప్రయాణాన్ని ఆపివేయవలసి వచ్చింది. అయిదు తొట్ల లెక్కలో కనిపించిన సత్యమే ఇక్కడ అందరి కళ్లముందూ ప్రత్యక్షమైంది.

వీటికి భిన్నంగా, నేల విడవకపోవడమే మేలైన సందర్భం ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోటలో జరిగింది. 2001 మార్చి 28న భారతదేశపు తొలి ‘జి.ఎస్.ఎల్.వి.’ రాకెట్టు ప్రయోగానికి సిద్ధమైంది. దాని నడిమి దశలో ఘన ఇంధనం ఉన్నది. చుట్టూ నాలుగు ద్రవ ఇంధన రాకెట్లను అమర్చారు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆపడం అసాధ్యం. అందువల్ల ద్రవ ఇంధన ఇంజన్లను కొన్ని సెకన్లు ముందుగా వెలిగించి, నాలుగూ తగిన బలాన్నిస్తున్నాయని కంప్యూటరు నిర్ధారించుకున్న తరువాతనే నడిమి దశను వెలిగించే ఏర్పాటు చేశారు. ఆనాడు నాలుగింటిలో ఒకటి తగిన అభిబలాన్ని ఇవ్వలేదు. ఆ లోటును గుర్తించిన స్వయంచాలక వ్యవస్థ, లేవడానికి ఒక సెకను ముందు ప్రయోగాన్ని నిలిపివేసింది. రాకెట్టు వేదికమీదనే భద్రంగా నిలిచిపోయింది.

పరీక్షించే పద్ధతి

ఈ ఉదంతాలన్నింటిలోనూ ఒకే పద్ధతి కనిపిస్తుంది. ముందు ప్రశ్నలను వరుసగా వేసుకోవాలి. మంట వచ్చిందా? ఇంధనం చేరిందా? కట్లు విడిపోయాయా? ఈ చోట, ఈ గాలిలో అభిబలం ఎంత? భారం ఎంత? బలం సరైన దిశలో పనిచేస్తున్నదా? ఈ క్రమంలో ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం దొరికేకొద్దీ అనుమానాల సంఖ్య తగ్గుతుంది. ఆ తరువాత ఒకేసారి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితాన్ని చూడాలి. ఇంజనును, తొట్లను, రెక్కలను ఒక్కసారిగా మార్చిన ఆటగాడి రాకెట్టు లేచినా, ఏ మార్పువల్ల లేచిందో అతనికి తెలియదు. తెలియని విజయం మరుసటి ప్రయోగంలో అక్కరకు రాదు. చేసిన మార్పును, వచ్చిన ఫలితాన్ని కాగితంమీద రాసుకునే అలవాటు ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది.

ఆటకూ వాస్తవానికీ గల తేడాలను మరవరాదు. కెర్బిన్ చుట్టూ కక్ష్యలో తిరగడానికి సెకనుకు సుమారు 2.3 కిలోమీటర్ల వేగం చాలు. భూమి చుట్టూ తిరగడానికి సుమారు 7.8 కిలోమీటర్లు కావాలి. ఆటలో ఒక మీటను నొక్కగానే ఇంజను పూర్తి బలాన్నిస్తుంది. నిజమైన ఇంజనులో కవాటాలు, పంపులు, మంట, పీడనం అన్నీ సెకనులోని చిన్న భాగాలలో ఒకదానికొకటి పొందిక కుదుర్చుకోవాలి. ఆటలో రాకెట్టు కూలితే ఒక్క మీటతో దానిని తిరిగి వేదికమీద నిలబెట్టవచ్చు. నిజమైన వేదికమీద ఎందరో సంవత్సరాల తరబడి పడిన శ్రమ, ఒక్కోసారి మనుషుల ప్రాణాలు కూడా ఆ క్షణంమీద ఆధారపడి ఉంటాయి. అయినా, ఓటమి ఖరీదు లేనిచోట కారణాన్ని ఓపికగా వెతకడం అలవరచుకున్న విద్యార్థికి, ఓటమి ఖరీదైనచోట ఆ అలవాటు అండగా నిలుస్తుంది.

శ్రీహరికోటలో ఆగిన ప్రయోగం తరువాత శాస్త్రజ్ఞులు అదనపు బలంకోసం వెతకలేదు. నాలుగింటిలో ఒకటి మాత్రమే ఎందుకు వెనుకబడిందని వెతికారు. లోపాన్ని కనుగొని సరిచేశారు. 21 రోజుల తరువాత, 2001 ఏప్రిల్ 18న, అదే రాకెట్టు అదే వేదికనుండి నేల విడిచింది.